హైబ్రిడ్ కారుకు హైవే మీద మైలేజీ ఎందుకు తగ్గుతుంది?

మీరు అడిగింది ఇదీ: పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, మోటార్ కూడా ఉండి, కొంతసేపు మోటార్‌తోనే నడవగలిగే 1.5 లీటర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ ఎస్‌యూవీ కొన్నారు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో లీటరుకు 24 కిలోమీటర్ల దాకా ఇస్తోంది. జులైలో ఐదుగురు, సామాన్లతో విజయవాడ వెళ్తే 18.5 వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు 16కి పడిపోయింది. రోడ్డు ఖాళీగా ఉన్నంతసేపు 110 నుంచి 120 మధ్య నడిపారు. కంపెనీ చెప్పిన లెక్క 27.97. "బండిలో లోపం ఉందా, డీజిల్ తీసుకోవాల్సిందా" అని టెన్షన్ పడుతున్నారు.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే బండిలో లోపమేమీ కనబడటం లేదు. ఆ వేగంలో, ఆ బరువుతో, ఆ నెలలో రావాల్సిన అంకెలే వచ్చాయి. హైబ్రిడ్ కార్ల మీద చాలాకాలంగా పని చేస్తున్నాను. ఇదే ప్రశ్నతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది హైవేని తప్పుపడతారు. నిజానికి మైలేజీని తినేసేది హైవే కాదు, వేగం. అదే హైవే మీద 80లో వెళ్లి ఉంటే ఈ ప్రశ్న అడిగే అవసరమే వచ్చేది కాదు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

ముందు ఆ 27.97 సంగతి. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్లు రెండింటికీ ఇదే అంకె, ఎందుకంటే లోపల ఉన్నది ఒకే వ్యవస్థ. ఈ అంకెని తేల్చే పరీక్ష రోడ్డు మీద చేసేది కాదు. కారుని రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపేసి, ముందే నిర్ణయించిన పద్ధతిలో ఇరవై నిమిషాల లోపు నడుపుతారు. అందులో మొదటి 13 నిమిషాలు సిటీలో లాగా ఆగుతూ సాగుతూ ఉంటుంది. ఆ తర్వాతి భాగంలో వేగం పెరుగుతుంది గానీ ఎక్కడా 90 దాటదు. మొత్తం మీద సగటు వేగం గంటకు 32 కిలోమీటర్లు మాత్రమే. కాబట్టి 115లో విజయవాడ వెళ్లేవాళ్లకు ఆ అంకె ఏమీ చెప్పదు. ఒక కారుతో ఇంకో కారుని పోల్చుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

ఇక అసలు విషయం. సిటీలో మీ కారు 24 ఇవ్వడమే గొప్ప సంగతి. అంతే సైజున్న మామూలు పెట్రోల్ కారు హైదరాబాద్ ట్రాఫిక్‌లో 11, 12 దగ్గర ఆగిపోతుంది. తేడా ఎక్కడ వస్తోందంటే, మామూలు ఇంజిన్ సిగ్నల్ దగ్గర ఊరికే తిరుగుతూ పెట్రోల్ తాగుతుంది. నెమ్మదిగా పాకేటప్పుడు దాని శక్తిలో పదో వంతు కూడా వాడం. అంత తక్కువ లోడ్‌లో పెట్రోల్ ఇంజిన్ చాలా అసమర్థంగా పని చేస్తుంది, పోసిన ఇంధనంలో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. పైగా బ్రేక్ వేసిన ప్రతిసారీ సంపాదించిన వేగమంతా బ్రేక్ ప్యాడ్ల దగ్గర వేడైపోతుంది. హైబ్రిడ్ ఈ మూడింటినీ సరిచేస్తుంది. ఆగితే ఇంజిన్ ఆపేస్తుంది. నెమ్మదిగా కదిలేటప్పుడు మోటార్‌తో నడుస్తుంది. ఇంజిన్ తిరగాల్సి వస్తే దానికి అనువైన లోడ్‌లో తిప్పి, మిగిలిన శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. బ్రేక్ వేస్తే మోటార్‌నే జనరేటర్‌గా మార్చి కొంత వెనక్కి తెచ్చుకుంటుంది.

ఇప్పుడు చౌటుప్పల్ దాటి ఖాళీ రోడ్డు మీద 110లో స్థిరంగా వెళ్తున్నారనుకోండి. ఆగడం లేదు, పాకడం లేదు, బ్రేక్ దాదాపు లేదు. మామూలు పెట్రోల్ ఇంజిన్ కూడా ఈ వేగంలో దానికి నచ్చిన లోడ్‌కి దగ్గరగా పని చేస్తుంది. అంటే హైబ్రిడ్ సరిదిద్దడానికి అక్కడ పెద్దగా వృథాయే మిగల్లేదు. అందుకే సిటీలో రెండింతలు కనబడిన తేడా హైవే మీద బాగా తగ్గిపోతుంది. అమెరికాలో సిటీకి, హైవేకి విడివిడిగా అంకెలు ఇస్తారు కాబట్టి అక్కడ ఇది సూటిగా కనిపిస్తుంది. 2010 మోడల్ టయోటా హైబ్రిడ్ కారు ప్రియస్‌కి గ్యాలన్‌కు సిటీలో 51 మైళ్లు, హైవేలో 48 ఇచ్చారు. మామూలు కార్లకు ఎప్పుడూ హైవే అంకె ఎక్కువ ఉంటుంది, ప్రియస్‌కి తిరగబడింది. హైవేలో అది చెడ్డదని కాదు, సిటీలో అంత బాగుందని.

బ్యాటరీ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. హైవే మీద కూడా మోటార్ సగం పని పంచుకుంటుందని అనుకుంటారు. మీ కారులో బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్ అవర్, అంటే కరెంటు లెక్కలో 0.76 యూనిట్లు. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని అందులోనూ మధ్య భాగాన్నే వాడుతుంది, పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయదు. 100లో వెళ్తున్న కారుకి కిలోమీటరుకు 0.15 యూనిట్ల దాకా శక్తి కావాలి. అంటే ఆ బ్యాటరీ ఒక్కటే నడిపితే రెండు కిలోమీటర్లు వస్తుంది. అది బిందె కాదు, చెంబు. సిటీలో ఆ చెంబుని నిమిషానికోసారి ముంచుతూ పోస్తూ ఉంటాం కాబట్టి చిన్నదైనా సరిపోతుంది. హైవే మీద దాన్ని నింపేది కూడా ఇంజినే, అంటే మీ పెట్రోలే.

ఇప్పుడు వేగం లెక్క చూద్దాం. ఇది నా అంచనా లెక్క, కానీ రోడ్డు మీద నేను చూసే అంకెలకు దగ్గరగానే ఉంటుంది. కారు ముందుకు పోవాలంటే ప్రధానంగా రెండింటిని నెట్టుకోవాలి, టైర్ల రాపిడిని, గాలిని. టైర్ల రాపిడి వేగంతో పెద్దగా మారదు. గాలి మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది. 80లో ఉన్న గాలి నిరోధం 100కి వచ్చేసరికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 120కి రెండుంపావు రెట్లవుతుంది. ఎస్‌యూవీ ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి సెడాన్ కంటే ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది. మీ కారు సైజు, బరువు తీసుకుని, ఏసీ నడుస్తుండగా, సమతలమైన రోడ్డు మీద, గాలి లేనప్పుడు లెక్కగడితే స్థిరంగా 80 దగ్గర లీటరుకు 25, 26 వస్తుంది. 100 దగ్గర 20 చుట్టుపక్కల. 120 దగ్గర 16కి అటూ ఇటూ. ఒకే కారు, ఒకే రోడ్డు, యాక్సిలరేటర్ మీద పాదం ఒక్కటే తేడా.

అంటే 80లో వెళ్తే హైవే మైలేజీ మీ సిటీ మైలేజీని దాటుతుంది. హైబ్రిడ్ హైవేకి పనికిరాదనే మాట అందుకే తప్పు. 110 దాటి నడిపితే పనికిరాదు అంటే కొంత ఒప్పుకుంటాను.

ఇంకో అంశం ఇంజిన్‌కి సంబంధించింది. మీ కారులోది ఆట్కిన్సన్ పద్ధతి ఇంజిన్. గాలిని లోపలికి పీల్చే వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది. దానివల్ల గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని తక్కువగా లోపల ఉంచి, దాని విస్తరణను మాత్రం పూర్తిగా వాడుకుంటుంది. ఈ పద్ధతిలో టయోటా 2015 చివర్లో వచ్చిన ప్రియస్‌లో పెట్రోల్‌లోని శక్తిలో 40 శాతాన్ని పనిగా మార్చే సామర్థ్యం సాధించింది, పెట్రోల్ ఇంజిన్‌కి అది చాలా ఎక్కువ. కానీ దీనికి ఒక మూల్యం ఉంది, అదే సైజు మామూలు ఇంజిన్ కంటే శక్తి తక్కువ. మీ ఇంజిన్ ఒక్కటే ఇచ్చేది 92 హార్స్‌పవర్. మోటార్ కలిస్తే 115 చుట్టుపక్కల. ఐదుగురు కూర్చుని, 115లో వెళ్తూ, లారీని దాటడానికి గట్టిగా తొక్కితే ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది కదా, అప్పుడు అది సామర్థ్యం ఉన్న చోటు వదిలేసి శక్తి కోసం పరిగెడుతోందని అర్థం. అలాంటి ఓవర్‌టేక్‌లు వరుసగా చేస్తే సగటు ఎంత పడుతుందో డిస్‌ప్లేలోనే కనబడుతుంది.

గేర్ల విషయం కూడా చెప్పాలి. టయోటా వ్యవస్థలో మామూలు గేర్‌బాక్స్ లేదు. ఇంజిన్ శక్తిలో కొంత భాగం నేరుగా చక్రాలకు వెళ్తుంది, కొంత జనరేటర్ ద్వారా కరెంటుగా మారి, మళ్లీ మోటార్ ద్వారా చక్రాలకు చేరుతుంది. రెండుసార్లు రూపం మారేటప్పుడు ప్రతిసారీ కొంత పోతుంది. సిటీలో ఇది పట్టించుకోవాల్సినంత కాదు, ఎందుకంటే లాభం అంతకంటే చాలా ఎక్కువ. హైవే వేగంలో ఆ నష్టం కనబడుతుంది. హోండా సిటీ హైబ్రిడ్‌లో దీనికి వేరే దారి పట్టారు. సిటీలో ఇంజిన్ ఎక్కువగా జనరేటర్‌నే తిప్పుతుంది, హైవే వేగానికి వచ్చాక ఒక క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రాలకు కలుస్తుంది. పైగా అది సెడాన్, గాలిని బాగా కోసుకుపోతుంది. హైవే ఎక్కువగా తిరిగేవాళ్లు నన్ను అడిగితే సెడాన్ హైబ్రిడ్ వైపే చూడమంటాను. మనవాళ్లకు ఎస్‌యూవీ మీద ఉన్న మోజులో ఈ గాలి లెక్క ఎవరూ చూడటం లేదని నా బాధ.

ఇక వెళ్లేటప్పుడు 18.5, వచ్చేటప్పుడు 16 ఎందుకు? మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. విజయవాడ 20 మీటర్ల దగ్గర. కళ్లకు రోడ్డు సమంగానే కనబడుతుంది గానీ 270 కిలోమీటర్లలో మీరు సుమారు 500 మీటర్లు దిగారు, తిరిగి వచ్చేటప్పుడు అంతా ఎక్కారు. ఐదుగురు, సామాన్లు కలిపి 1,650 కిలోల బండిని 500 మీటర్లు ఎత్తడానికి ముప్పావు లీటరు పెట్రోల్ అవుతుంది. దిగేటప్పుడు అంతే మిగులుతుంది. మీ అంకెల ప్రకారం వెళ్లేటప్పుడు పట్టింది 14.6 లీటర్లు, వచ్చేటప్పుడు 16.9. తేడా 2.3 లీటర్లు. అందులో లీటరున్నర ఒక్క ఎత్తు వల్లే.

మిగిలిన ముప్పావు లీటరులో ఎక్కువ భాగం గాలిది అనుకుంటున్నాను. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి రుతుపవనాల గాలి మన దగ్గర పడమటి నుంచి బలంగా వీస్తుంది. అనంతపురం జిల్లా కొండల మీద గాలిమరలు పెట్టింది ఈ గాలిని నమ్ముకునే. మీరు విజయవాడ నుంచి హైదరాబాద్ వైపు, అంటే పడమరకి వస్తున్నారు. ఎదురుగాలి 15 కిలోమీటర్లు ఉంటే, మీటర్ 110 చూపిస్తున్నా గాలి విషయంలో మీ కారు 125లో వెళ్తున్నట్టే. వెళ్లేటప్పుడు అదే గాలి వెనక నుంచి సాయం చేసింది. డిసెంబరులో ఇదే ప్రయాణం చేస్తే రెండు వైపులా తేడా కొంత తగ్గాలి. బెంగళూరు వెళ్లేవాళ్లకు ఇది తిరగబడుతుంది. బెంగళూరు 900 మీటర్లకు పైన ఉంది కాబట్టి వెళ్లేటప్పుడే ఎక్కువ తాగుతుంది, కర్నూలు దగ్గర బాగా కిందికి దిగి మళ్లీ ఎక్కాలి కూడా. అందుకే ఒకవైపు ప్రయాణం అంకె చూసి సంబరపడకూడదు, కంగారుపడకూడదు. రాను పోను కలిపి చూడాలి. మీకు కలిపి చూస్తే 17 పైన వచ్చింది, ఆ వేగానికి అది సరైన అంకె.

ఘాట్ రోడ్ల సంగతి వేరు. తిరుమల నుంచి దిగేటప్పుడు సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతాం. ఆ ఎత్తులో దాగిన శక్తి రెండున్నర యూనిట్లకు పైమాటే. మీ బ్యాటరీలో అందులో చిన్న భాగానికే చోటుంది. దిగడం మొదలుపెట్టిన నాలుగైదు కిలోమీటర్లలోనే బ్యాటరీ నిండిపోతుంది. ఆ తర్వాత కారు ఇంజిన్‌ని పెట్రోల్ లేకుండా ఊరికే తిప్పి వేగాన్ని ఆపుతుంది. అప్పుడు వచ్చే శబ్దం విని ఏదో పాడైందని భయపడతారు, భయం అక్కర్లేదు. పొడవైన దిగుడుకి గేర్ లీవర్‌ని బి లో పెట్టండి, బ్రేకులు వేడెక్కవు. మామూలు రోడ్డు మీద మాత్రం బి వాడకండి, వెనక్కి రావాల్సిన శక్తి ఇంజిన్‌లో పోతుంది.

మీ అంకెల్లో ఏసీ పాత్ర చిన్నదే. ఏసీ తినేది గంట లెక్కన కాబట్టి సిటీలో కిలోమీటరుకు ఎక్కువ పడుతుంది, హైవేలో తక్కువ. అద్దాలు దించి 100లో వెళ్లడం కంటే ఏసీ వేసుకోవడమే నయం. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. పాత 10 శాతం పెట్రోల్‌తో పోలిస్తే లీటరులో మూడు శాతానికి పైగా శక్తి తగ్గింది, మైలేజీ కూడా దాదాపు అంతే తగ్గుతుంది. రెండు మూడేళ్ల కిందటి వీడియోల్లో అంకెలు చూసి పోల్చుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. పైన క్యారియర్ ఉంటే, అవసరం లేనప్పుడు విప్పేయండి. ఖాళీగా ఉన్నా గాలిని పట్టుకుంటుంది.

నడిపే తీరు గురించి. 95 దగ్గర క్రూజ్ కంట్రోల్ (వేగాన్ని కారే స్థిరంగా ఉంచే సదుపాయం) పెట్టుకుంటే పైన చెప్పిన లెక్కలో 21 వస్తుంది, 115 దగ్గర 16.5. విజయవాడ దాకా కాగితం మీద అరగంట తేడా. కానీ పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు, ఊళ్ల దగ్గర జనం, టీ కోసం ఆగడం, ఇవన్నీ పోగా నిజంగా మిగిలేది ఇరవై నిమిషాలు ఉంటుందేమో. దానికోసం వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి మూడున్నర లీటర్ల చొప్పున తగలేస్తున్నాం. పైగా నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100. సూర్యాపేట దగ్గర గేదె అడ్డం వస్తే 115లో ఆగడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

క్రూజ్ కంట్రోల్ సమంగా ఉన్న రోడ్డుకి మంచిది. ఎత్తుపల్లాలు ఉన్న చోట అది వేగం తగ్గకూడదని ఎక్కుడులో గట్టిగా తొక్కేస్తుంది. అక్కడ కాలితో నడుపుతూ, ఎక్కుడులో ఐదారు కిలోమీటర్లు తగ్గనివ్వండి, దిగుడులో అదే తిరిగి వస్తుంది. టోల్ గేట్ బోర్డు కనబడగానే యాక్సిలరేటర్ వదిలేసి, బ్రేక్ మీద మెల్లగా పాదం ఆనించండి. 100 నుంచి ఆగేలోపు నెమ్మదిగా ఆపితే ముప్పావు కిలోమీటరు నడపగలిగే శక్తి బ్యాటరీలోకి వస్తుంది. చివర్లో గట్టిగా నొక్కితే బ్యాటరీ అంత కరెంటు ఒక్కసారిగా తీసుకోలేదు, మిగిలింది బ్రేక్ డిస్కుల్లో పోతుంది. కొందరు లారీ వెనకే అతుక్కుని వెళ్తే గాలి తగ్గుతుందని సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. లీటరు పెట్రోల్ కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే పని అది. రాత్రిపూట లైట్లు లేకుండా ఆగి ఉండే లారీలున్న మన రోడ్ల మీద అసలు వద్దు.

హైబ్రిడ్‌కి అన్నిటికంటే నచ్చే రోడ్డు ఏదంటే రెండు వరుసల రాష్ట్ర రోడ్డు. నాగార్జునసాగర్ మీదుగా మాచర్ల వైపు వెళ్లే దారి లాంటివి. 60 నుంచి 75 మధ్య సాగుతూ, ఊరు వచ్చినప్పుడల్లా నెమ్మదించి, మళ్లీ అందుకుంటూ వెళ్తాం. గాలి నిరోధం తక్కువ, బ్రేకు వేసినప్పుడల్లా కొంత వెనక్కి వస్తుంది, తేలిగ్గా సాగేటప్పుడు ఇంజిన్ ఆగిపోతూ ఉంటుంది. అలాంటి దారిలో 26, 27 చూసినవాళ్లు నాకు తెలుసు.

డీజిల్ తీసుకోవాల్సిందా అనే ప్రశ్నకి జవాబు మీ తిరుగుడుని బట్టి ఉంటుంది. సిటీలో హైబ్రిడ్ 24, మామూలు పెట్రోల్ 12 అనుకుందాం. వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 42 లీటర్లు మిగిలినట్టు. హైవేలో 100 దగ్గర హైబ్రిడ్ 20, మామూలు పెట్రోల్ 16.5 అనుకుంటే వెయ్యికి పదకొండు లీటర్లు కూడా మిగలవు. కాబట్టి నెలలో ఎక్కువ రోజులు ఆఫీసుకి సిటీలో తిరిగి, అప్పుడప్పుడు ఊరికి వెళ్లేవాళ్లకు హైబ్రిడ్‌కి పెట్టిన అదనపు డబ్బు తిరిగి వస్తుంది. మీరు ఆ కోవలోనే ఉన్నారు, మంచి కారే కొన్నారు. వారం వారం విశాఖపట్నం, బెంగళూరు 110లో తిరిగేవాళ్లయితే మాత్రం డీజిల్ వైపు చూడమని నేనే చెప్పేవాణ్ణి.

చివరగా, బండిలో లోపం లేదని రూఢి చేసుకోవాలంటే ఇలా చేయండి. డిస్‌ప్లేలో అంకెని నమ్మకండి, అది కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసిన ప్రకారం గాలి పట్టించండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ఆటో కట్ అయ్యేదాకా పెట్రోల్ కొట్టించండి. ఇద్దరు మాత్రమే కూర్చుని, ఏసీ వేసుకుని, 80 నుంచి 85 మధ్య స్థిరంగా కనీసం 150 కిలోమీటర్లు వెళ్లి, అదే దారిలో వెనక్కి వచ్చి, అక్కడే మళ్లీ ఆటో కట్ దాకా నింపి లెక్కగట్టండి. దూరం తక్కువైతే బంకు దగ్గర అర లీటరు తేడా కూడా లెక్కని తారుమారు చేస్తుంది. 22 పైన వస్తే నిశ్చింతగా ఉండండి. 20 కంటే తగ్గితే అప్పుడు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి ముందు వీల్ అలైన్‌మెంట్, తర్వాత ఏదైనా చక్రం దగ్గర బ్రేక్ పట్టేస్తోందా అన్నది చూడమనండి. ప్రయాణం ఆపిన వెంటనే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి తాకించకుండా దగ్గర పెట్టి చూస్తే, పట్టేసిన చక్రం మిగతావాటికంటే వేడిగా తెలుస్తుంది. ఇంకోటి, ఇలాంటి చాలా కార్లలో వెనక సీటు దగ్గర బ్యాటరీని చల్లబరిచే గాలి జాలీ ఉంటుంది. సామాన్లతోనో దుప్పటితోనో అది మూసుకుపోయిందేమో కూడా చూడండి. బ్యాటరీ వేడెక్కితే కారు దాన్ని తక్కువగా వాడుతుంది, ఆ లోటు పెట్రోల్‌లో తేలుతుంది. అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.